అతిథి శ్రుతి

మొన్న ఎవరో ఒకాయన నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. మా రికార్డు విన్నాడట, బాగుందట, అయితే మూడో పాట మాత్రం శ్రుతి తప్పిందట. మిగతావన్నీ తన కీబోర్డుతో చక్కగా కలుస్తున్నాయనీ, ఇదొక్కటే కాస్త పైకి పోయిందనీ, ఫైలు ఎక్కించేటప్పుడు ఏదో పొరపాటు జరిగి ఉంటుందనీ చెప్పాడు. కావాలంటే తనే కంప్యూటర్‌లో సరిచేసి పంపిస్తానన్నాడు. మర్యాదస్తుడే. మామూలుగా అయితే ఇలాంటి మాటకు నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. ఆ రోజు మాత్రం, అది అలాగే ఉండాలండీ అని పెట్టేశాను. పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళానో మరిచిపోయి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అంకుల్ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

మేం నలుగురం. నాది ఫ్లూట్. సునీత ఓబో వాయిస్తుంది, మేం వాయించే పాటలు రాసేది కూడా తనే. ప్రకాశ్‌ది బసూన్, నేల మీద నిలబెడితే ఇంచుమించు మనిషంత ఉంటుంది. అంకుల్‌ది క్లారినెట్. నాలుగూ నోటితో ఊదేవే. మేం చేసేది పెద్ద సభల సంగీతం కాదు, ఒక గదిలో దగ్గరదగ్గరగా కూర్చుని వాయించుకునే కొత్త సంగీతం. జనం విరగబడి వినే సరుకేం కాదు, మా ఇళ్ళల్లోనే పూర్తిగా విన్నవాళ్ళు లేరు. అయినా సికింద్రాబాద్‌లో ఒక స్కూలువాళ్ళు శనివారాలు ప్రార్థన హాలు ఇస్తే, ఫ్యాన్లు ఆపేసి, స్టేషన్ వైపునుంచి రైలు కూతలు లేని సందు చూసుకుని రికార్డు చేసుకునేవాళ్ళం. ఒక్కో పాటకు ఒక్కో అతిథిని పిలవాలన్నది సునీత ఆలోచన. ఒకసారి వయొలిన్ టీచరు వచ్చారు, ఒకసారి చర్చి క్వయర్‌లో పాడే పెద్దావిడ, ఒకసారి మృదంగం ఆయన. ఆ వచ్చినవాళ్ళను చూసుకునే పని మాత్రం అంకుల్ ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకున్నారు.

ఆ చూసుకోవడం మామూలుగా ఉండేది కాదు. ముందురోజు ఫోన్ చేసి ఏం తింటారు, టీలో చక్కెర వేస్తారా, నడుం నొప్పి ఉందా, కుర్చీ కావాలా కింద కూర్చుంటారా అని పెళ్ళివారిని అడిగినట్టు అడిగేవారు. పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్ళి ఆ మనిషికి సరిపడేది ఏరి తెచ్చేవారు. క్వయర్ పెద్దావిడకు షుగర్ ఉందని తెలిసి జామకాయలు తెచ్చారు, తెచ్చినవాటిలో పండినదాన్ని పక్కకు పెట్టి దోరగా ఉన్నదే ఆమె చేతికిచ్చారు. వచ్చేవాళ్ళ కోసం గేటు దగ్గర ఎండలో నిలబడేవారు. లోపల ఉండవచ్చు కదా అంకుల్ అంటే, "పిలిచింది మనం కదమ్మా" అనేవారు. ఏ విషయానికైనా ఆయన దగ్గర ఉన్న జవాబు అదే.

హాల్లో కుర్చీలన్నీ పాతవి. మెదిలితే చాలు కిర్రుమని మైకులో పడేవి. ఉన్నవాటిలో చప్పుడు చేయనిదాన్ని వెతికి అతిథికి వేసి, అన్నిటికంటే ఎక్కువ అరిచేదాన్ని తను తీసుకునేవారు. అందుకని వాయిస్తున్నంతసేపూ కదిలేవారు కాదు. భుజాలు కూడా ఊగేవి కావు. ఆయన బిగుసుకుని వాయిస్తున్న వీడియో చూసి ఎవరో ఈయనకు సంగీతంలో లీనమవడం తెలియదని రాశారు. అది చదివి మేం నవ్వుకున్నాం. అంకుల్ నవ్వలేదు, ఆ కుర్చీకి నూనె వేయించాలి అన్నారు, వేయించలేదు.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. మొండిమనిషి. క్లారినెట్ ఊదే ముందు దాని రీడును, అంటే మోగే ఆ పలచటి బద్దను, నోట్లో పెట్టుకుని తడపాలి. వాదనలో ఓడిపోయేటట్టుంటే అంకుల్ వెంటనే రీడు నోట్లో పెట్టుకునేవారు. ఇక ఏం అడిగినా చేత్తో సైగే. ఒకసారి ప్రకాశ్ విసిగిపోయి, అది ఈపాటికి నాని కుళ్ళిపోయి ఉంటుంది తీయండి అన్నాడు. ఎదుటివాళ్ళ వాయింపును మెచ్చుకోవడం కూడా ఆయనకు చేతకాదు. నేను ప్రాణం పెట్టి వాయించి ఆయన వంక చూస్తే, మధ్యలో ఊపిరి బస్సు ఎక్కబోయినట్టు తీసుకున్నావు అన్నారు. ఫోన్‌లో శ్రుతి చూసుకునే యాప్ అంటే మంట. అందులో శ్రుతి సరిపోతే పచ్చరంగు వెలుగుతుంది. "పచ్చదీపం వెలిగితే సిగ్నల్ పడ్డట్టే గానీ శ్రుతి కలిసినట్టు కాదు" అనేవారు. ఎన్నో ఏళ్ళు రైల్వే ఆఫీసులో చేశారు మరి.

అతిథులందరినీ సునీతే ఎంచేది. ఒక్కరిని మాత్రం అంకుల్ తెచ్చారు. బోయిగూడలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి సన్నాయి విని, భోజనాల దాకా ఆగి, సన్నాయి పెద్దాయన పక్కనే కూర్చుని తిని, మాతో కలిసి వాయించమని అడిగి వచ్చారు. ఆయన ఆ దగ్గర్లోనే గుడిలో వాయిస్తారు, ముహూర్తాలకు పెళ్ళిళ్ళకు వెళ్తారు. మంచి ఎండల్లో, ఎర్రటి గుడ్డలో చుట్టిన సన్నాయి చంకలో పెట్టుకుని రిహార్సల్‌కు వచ్చారు. అంకుల్ ఆయన్ని గేటు దగ్గరినుంచి లోపలికి తీసుకొచ్చిన తీరు చూస్తే, మేం వీళ్ళింటికి చుట్టపుచూపుగా వచ్చామా అనిపించింది.

సన్నాయి మొదటి స్వరం పలికేసరికి మా నలుగురికీ విషయం అర్థమైంది. మా వాయిద్యాలన్నీ ఒకే కొలతకు తయారై వస్తాయి. కీలు దగ్గర కాస్త బయటికి లాగితే శ్రుతి దిగుతుంది. పైకి పోవాలంటే మాత్రం లోపలికి నెట్టడానికి ఉన్నంతే, దాని తర్వాత దారి లేదు. ఆయన సన్నాయి వాళ్ళ నాన్న చేయించింది. ఆ చెక్క ఏ శ్రుతి ఇస్తే అదే దాని శ్రుతి, ఆయన జీవితమంతా అదే. మాకంటే అది కొంచెం పైన ఉంది. ఆ కొంచెమే చెవికి ముల్లులా తగులుతుంది. నేను ఫ్లూట్‌ను చివరికంటా నెట్టాను. సునీతా ప్రకాశ్ రీడ్లు మార్చి చూశారు. ఎవరికీ అందలేదు. పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని హాయిగా వాయించి, టీ తాగి, వచ్చే వారం వస్తానని వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక వాదన మొదలైంది. ఇంకో సన్నాయి ఉంటే తెమ్మందామని ప్రకాశ్ అన్నాడు. ఇంటికొచ్చినవాళ్ళను బట్టలు మార్చుకుని రమ్మంటామా అన్నారు అంకుల్. సునీత సులువైన మార్గం చెప్పింది. ఆయనను విడిగా రికార్డు చేసుకుని, తర్వాత కంప్యూటర్‌లో కొంచెం కిందికి దించి మనతో కలుపుదాం, ఆయనకు తెలియను కూడా తెలియదు అంది. ఈ రోజుల్లో అందరూ చేసేదే. నాకూ అదే సబబు అనిపించింది. అంకుల్ నోట్లో రీడు ఉంది. ఈసారి ఆయనే దాన్ని బయటికి తీశారు.

"ఆయన్ని పిలిచి, కూచోబెట్టి వాయించమని, ఆయన పోయినంక కిందికి గుంజుతమా? అట్ల చేసేదుంటే నన్ను తీసెయ్యమ్మా పాటలోంచి."

అలిగి అన్న మాట కాదది. సునీత ముఖం చిన్నబోయింది. ఇక ఆ పాట మానుకోవడం ఒక్కటే మిగిలింది. పెద్దాయనకు ఏదో ఒక సాకు చెప్పాలి. అంకుల్ ఆ మాట ఎవరినీ అననివ్వకుండా, నాకొక వారం ఇవ్వండి అన్నారు.

క్లారినెట్ పైభాగంలో నోట్లో పెట్టుకునే ముక్కకూ, దాని పొడవాటి ఒంటికీ మధ్య వేలెడంత చెక్కముక్క ఒకటుంటుంది. బ్యారెల్ అంటాం. అది పొట్టిదైతే వాయిద్యం శ్రుతి పైకి పోతుంది. పొట్టి బ్యారెల్ విదేశం నుంచి తెప్పించుకోవచ్చు గానీ వారంలో రాదు, ఆయనది పాతకాలపు తయారీ కాబట్టి వచ్చినా అతుకుతుందన్న నమ్మకం లేదు. మంగళవారం అంకుల్ నాకు ఫోన్ చేసి, రాణిగంజ్‌లో లేత్ మిషన్ దగ్గరికి పోతున్నా, నీ చెవులు కావాలి, వస్తావా అన్నారు. నేను ఏదో రిపేరనుకుని వెళ్ళాను.

అక్కడ ఆ బ్యారెల్ తీసి లేత్ ఆయన చేతిలో పెట్టి, రెండు కొసలా కాస్త కాస్త తగ్గించి, లోపలి గాడిని అంత లోతుకే చెక్కమన్నారు. ఎందుకో అప్పటికి నాకు అర్థమైంది. వద్దు అంకుల్ అన్నాను. ఇది తగ్గిందంటే ఎంత బయటికి లాగినా కీలు ఊడొచ్చేదే గానీ మళ్ళీ మా ముగ్గురితో కలవదు, మీ దగ్గరున్న ప్లాస్టిక్‌ది పెట్టుకుంటే ఆ నాదం రాదు, ఒక్క పాట కోసం మీ పెళ్ళికి ముందునుంచీ ఉన్న వాయిద్యాన్ని పాడుచేసుకుంటారా అని ఇంచుమించు అరిచాను. లేత్ ఆయన కూడా, సార్ ఒక్కసారి కోసినంక అతకరాదు, ఇంటికి పోయి జెర సోంచాయించుకొని రండి అన్నాడు. అంకుల్ రీడు నోట్లో పెట్టుకున్నారు.

ఇనప రజను మధ్య ఆ మధ్యాహ్నం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. కొంచెం కోయించడం, బిగించుకుని ఊదడం, రిహార్సల్‌లో నేను ఫోన్‌లో పట్టుకున్న సన్నాయిని వినిపించమనడం, ఇంకా కిందే ఉంది కదా అని నన్నడగడం, మళ్ళీ కోయించడం. పక్క షాపులవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చివరికి ఒకసారి ఆయన ఊదిన స్వరం ఫోన్‌లోని సన్నాయిలో కలిసిపోయి, రెండిట్లో ఏది ఏదో నాకు తెలియలేదు. నేను తల ఊపాను. అంకుల్ సంతోషించలేదు. పొట్టిదైన ఆ బ్యారెల్‌ను చేత్తో తడిమి, తన చేతిరుమాలుతో తుడిచి, జేబులో వేసుకున్నారు.

ఆంటీ ఆ సాయంత్రం నేరేడ్‌మెట్‌లో వాళ్ళింట్లో నాకు టీ ఇస్తూ, "నన్నైనా ఎప్పుడో ఒకసారి విసుక్కున్నాడు గాని దాన్ని ఒక్క మాట అనలే. అసొంటిదాన్ని కోయిచ్చుకొచ్చిండు చూడు" అన్నారు. కోపంగా అనలేదు. నాకే ఆవిడ బదులు కూడా కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

శనివారం పెద్దాయన వచ్చారు. సునీత పాటను మార్చి రాసింది. మిగతా ముగ్గురం ఆ శ్రుతిని అందుకోలేం కాబట్టి అందులో మేం లేం. సన్నాయి ఒక వరుస పలుకుతుంది, క్లారినెట్ ఒక వరుస బదులు చెబుతుంది, అంతే పాట. మేం గోడ దగ్గర కూర్చున్నాం. పెద్దాయన ఎత్తుకున్నారు. అంకుల్ బదులు ఊదారు. పెద్దాయన సన్నాయి దించి కళ్ళు తెరిచారు.

"ఏంది మాస్టరూ, మొన్న నీది కింద ఉండె. ఎట్ల వచ్చింది పైకి?"

"ఎండలకు చెక్క ముడుచుకుందన్నా" అన్నారు అంకుల్. ఎన్నడూ అబద్ధమాడని మనిషి, మొహాన చెమట తుడుచుకుంటూ తడుముకోకుండా అనేశారు. పెద్దాయన ఇంకేం అడగలేదు. కొంచెంసేపు ఆ క్లారినెట్ వంక చూసి, మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నారు. అదే మా రికార్డులో మూడో పాట. నేను చాలా సంగీతం విన్నాను, కొంత వాయించాను. ఇద్దరు మనుషులు ఒకరినొకరు అంత ఆగి వినడం ఇంకెక్కడా వినలేదు.

ఆ తర్వాత నేను భయపడ్డదే జరిగింది. మాతో వాయించడానికి అంకుల్ ప్లాస్టిక్ బ్యారెల్ తగిలించుకునేవారు. అది సరిగా కూర్చోదు, కాగితం మడిచి బిగించేవారు. నాదం పలచబడింది. పై స్వరాలను పెదవితో సరిదిద్దుకోవలసి వచ్చి త్వరగా అలిసిపోయేవారు. సునీత ఏమీ అనకుండానే తర్వాతి పాటల్లో ఆయనకు ఒంటరి వరుసలు రాయడం తగ్గించింది. అంకుల్ గమనించారు. కాగితం తిరగేసి, మంచిగుంది, ఈసారి విశ్రాంతి దొరికింది అన్నారు. మోండా మార్కెట్‌కు వెళ్ళడం, గేటు దగ్గర నిలబడడం మాత్రం మానలేదు. నాకు ఆయనను చూస్తే దుఃఖం వచ్చేది, మరుక్షణం విసుగొచ్చేది. ఇంత పోగొట్టుకుని ఒక్కసారైనా అయ్యో అనరే అని.

చలికాలంలో ఒకరోజు పొద్దున చర్చికి తయారవుతూ కుర్చీలో కూర్చుని, అలాగే పోయారు.

ఇంటివాళ్ళను ఓదార్చడానికి చేసే ఆదరణ కూడిక నేరేడ్‌మెట్‌లో ఇంటి ముందే షామియానా వేసి పెట్టారు. పాస్టరుగారు వాక్యం చెప్పారు. మేం ముగ్గురం ఆయనకిష్టమైన కీర్తన వాయించాం. అంకుల్ క్లారినెట్ పలికే మధ్య గొంతు లేకుండా ఆ కీర్తన వాయించడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. అయిపోయాక చూస్తే వెనక వరుసలో సన్నాయి పెద్దాయన ఉన్నారు. బోయిగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చారట. చేతిలో సన్నాయి లేదు.

ఆంటీ ఆయన్ని గుర్తుపట్టి దగ్గరికి వెళ్ళారు. మీరిద్దరు వాయించిన ఆ పాట ఒక్కసారి వినిపిస్తారా అన్నా అని అడిగారు. పెద్దాయన లేచి నిలబడ్డారు. చాలా ఇబ్బంది పడ్డారు.

"సన్నాయి దేవునికి, పెండ్లికే, చెల్లె. చావు తానకు తేరాదు. మా నాయిన తేలే, నేను తేలేను."

తెలియక అడిగాను, ఏమీ అనుకోకండి అని ఆంటీ చేతులు జోడించారు. ఆయన కూర్చోలేదు. అందరికీ వినబడేట్టుగానే అన్నారు.

"మాస్టరు నా కోసం చెక్క కోయిచ్చుకున్నడు గద. ఎండకు ముడుచుకున్నదన్నడు. నేను పుట్టిన కాంచి చెక్కతోనే బతుకుతున్న, ఎండకు గంత సమంగ ముడుచుకుంటదా? నాకు ఆ గడియనే ఎరుకైంది. అడిగితే ఆయన మర్యాద తక్కువైతదని అడగలే. సన్నాయి తేరాదు గని చెల్లె, గొంతుకు అడ్డం లేదు."

ఇన్నాళ్ళూ ఆ సంగతి మాకూ ఆంటీకీ మాత్రమే తెలుసనుకున్నాను. అసలు తెలియవలసిన మనిషికి మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఆ అబద్ధాన్ని అంకుల్‌కే వదిలేసి మౌనంగా వాయించి వెళ్ళారు.

పెద్దాయన పాట ఎత్తుకున్నారు. మాటలు లేవు, రాగమే. ఏ వాయిద్యం తోడూ లేకుండా సరిగ్గా తన సన్నాయి శ్రుతిలోనే ఎత్తుకున్నారు. మొదటి వరుస పాడి ఆగారు. అలిసి ఆగారేమోనని ముందు వరుసలో ఎవరో నీళ్ళ గ్లాసు అందించబోయారు. సునీత వాళ్ళను చేత్తో ఆపింది. అది క్లారినెట్ బదులు చెప్పే చోటు. ఆ బదులుకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, విని రెండో వరుస ఎత్తుకున్నారు. మళ్ళీ ఆగారు. ఆ ఖాళీలో నా వేళ్ళు ఫ్లూట్ మీద కదిలాయి. ఆ వరుసలన్నీ నాకు కంఠతా వచ్చు. ఊదబోయి దించేశాను. నా ఫ్లూట్ ఆ శ్రుతికి అందదు. ప్రకాశ్ బసూన్ అందదు, సునీత ఓబో అందదు. అక్కడున్న మా ఎవ్వరికీ ఆయనతో కలిసే దారి లేదు. ఎందుకు కోయించారని అంకుల్ మీద నాకున్న కోపం ఏమైందో గానీ, అప్పుడు మాత్రం నాకు ఏడుపు ఆగలేదు.

ఆ పాటలో చివరి వరుస క్లారినెట్‌ది. అతిథికే ఇవ్వమని అంకుల్ రికార్డు చేసిన రోజు ఎంత పట్టుబట్టినా పెద్దాయన ఒప్పుకోలేదు. వచ్చినవాణ్ణి సాగనంపేది ఇంటాయనే కదా అని ఆయన వాదన. ఆయన తన ఆఖరి వరుస పాడి ఆగేసరికి జనం పాట అయిపోయిందనుకున్నారు. కుర్చీలు కదిలాయి, పాస్టరుగారు ప్రార్థనకు లేచారు. పెద్దాయన మాత్రం కూర్చోలేదు. తల కాస్త పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను లోపల్లోపల అంకుల్ వరుసను మొదటినుంచీ చివరిదాకా అనుకున్నాను. నాకది పూర్తయిన చోటే ఆయన కళ్ళు తెరిచి, ఆంటీకి దండం పెట్టి, బస్సుకు బయల్దేరారు.